అప్‌డేట్: వదిన ఈఎస్ఐ ప్రసూతి డబ్బులు పడ్డాయి

పలాసలో జీడి పిక్కలు కొట్టే మా వదినకి, నువ్వు కాంట్రాక్టు మనిషివి ప్రసూతి డబ్బులు రావు అని సూపర్‌వైజర్ అనేశాడు ఏం చేయాలి అని అడిగాను కదా, డబ్బులు పడ్డాయి, అందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది కంట్రిబ్యూషన్ హిస్టరీ, అంటే ఈఎస్ఐకి ఎన్ని రోజులకి చందా కట్టారో చూపే లెక్క, తీసి చూడమన్న సలహానే. మధ్యలో కాంట్రాక్టర్ మారాడు, కొత్తాయన పాత నంబర్ అడక్కుండా ఇంకో ఈఎస్ఐ నంబర్ తీయించాడు, దాంతో ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆర్నెల్లు) చందా కట్టి ఉండాల్సిన 70 రోజులు ఏ నంబర్‌లో చూసినా తక్కువే, రెండూ కలిపితే బోలెడు. ఇది పట్టుకుంది యూనియన్‌లో తిరిగే పిన్ని, జీడి సొన నల్లగా పట్టేసిన వేళ్లతో ఫోన్ జరిపి జరిపి "ఇదేటమ్మా, రెండు నంబర్లున్నాయి" అంది. బ్రాంచ్ ఆఫీసులో అర్జీ పెడితే రెండూ కలిపేశారు, 26 వారాలకీ వచ్చింది. పెళ్లి సర్టిఫికెట్, లేబర్ కోర్టు అన్నారు కొందరు, వాటితో పనే పడలేదు. అన్నయ్యకి నచ్చదని మీటింగులకి వెళ్లని వదిన ఇప్పుడు చంటిదాన్ని చంకనేసుకుని మరీ వెళ్తోంది, అక్కడ సగం కూలి రేటు గొడవ, సగం ఎవరింట్లో పెళ్లి అనే కబుర్లు. అన్నట్టు, ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే ఇస్తారు.