అక్క చేసిన వంకర కప్పు: వాడాలా, దాచాలా?

ప్రశ్న:
మా అక్క కుమ్మరి సారె మీద పని నేర్చుకుంటున్న కొత్తలో చేసిన సిరామిక్ కప్పు నా దగ్గరుంది. అంచు గుండ్రంగా రాలేదు, ఒకవైపు సాగింది. అడుగున గ్లేజ్, అంటే మట్టి మీద వేసే గాజులాంటి పూత, కారి బొట్టుగా గడ్డకట్టింది. పిడి అతికించిన చోట అక్క బొటనవేలి ముద్ర పడింది, కప్పు పట్టుకుంటే నా వేలు సరిగ్గా అందులోనే కూర్చుంటుంది. ఆ కప్పంటే నాకు ప్రాణం. ఈమధ్య లోపలివైపు సన్నటి గీతలు సాలెగూడులా కనిపిస్తున్నాయి. పగిలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అద్దాల బీరువాలో పెట్టేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకేమో రోజూ టీ అందులోనే తాగాలనుంది. ఏం చేయమంటారు?

జవాబు:
ఆ గీతల్ని క్రేజింగ్ అంటారండీ. బట్టీలో కాలాక చల్లారేటప్పుడు మట్టికన్నా గ్లేజ్ ఎక్కువ కుంచించుకుపోతే, ఆ లాగుడుకి పైపొర చిట్లుతుంది. ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. చైనాలో సాంగ్ వంశం కాలం నాటి గువాన్ అనే రకం పాత్రల్లో ఈ గీతలే అందం. చూపుకి దీన్ని లోపం అనుకోనక్కర్లేదు.

తాగే కప్పు కాబట్టి మట్టి ఎంత కాలిందో తెలుసుకోవాలి. 1200 డిగ్రీల సెల్సియస్, ఆపైన కాల్చిన స్టోన్‌వేర్ అయితే మట్టి బాగా గట్టిపడి నీటిని దాదాపు పీల్చదు. తక్కువ వేడికి కాల్చిన ఎర్తెన్‌వేర్ అయితే గీతల్లోంచి నీరు మట్టిలోకి దిగుతుంది. నిండా నీళ్లు పోసి, పొడి కాగితం మీద రాత్రంతా ఉంచండి. కాగితం తడిస్తే ఇక అందులో తాగొద్దు.

ఇంకో జవాబు:
నేను మట్టి పని చేస్తాను. గోటితో అంచు మీద తట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే. బొంగురుగా వస్తే పగులు మట్టిదాకా వెళ్లిందేమో, ముఖ్యంగా పిడి అతుకు దగ్గర, వెలుతురులో చూసుకోవాలి. గ్లేజ్‌లో సీసం లేదని అక్కని అడిగి రూఢి చేసుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, తడి పీల్చిన మట్టి చేయి కాలేంతగా వేడెక్కుతుంది. ఇవన్నీ సరిపోతే హాయిగా వాడండి. పిడి మీద ముద్రలో వేలు కూర్చుంటుందన్నారు కదా, బీరువాలో పెడితే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. కాగితం పొడిగానే ఉంది, తడితే ఖంగుమంది. స్టోన్‌వేర్ మట్టేనట, గ్లేజ్‌లో సీసం లేదట. అక్కేమో, ఇప్పుడు నాకు చేయి తిరిగింది, చక్కటి కప్పు చేసిస్తాను, అది పారేయమంది. కొత్తది చెయ్యమన్నాను, ఇది మాత్రం ఇచ్చేది లేదన్నాను. రేపటి నుంచి టీ ఇందులోనే. కడగడం కూడా నేనే, సింకులో మిగతా గిన్నెలతో కలిపి వేయనివ్వను.