"ఫోటో దిగాం" తప్పెందుకవుతుంది?

"ఫోటో దిగడం" తప్పు, "తీయించుకోవడం" అనాలి అని కొందరంటారు. నేను ఒప్పుకోలేను.

మా మామ్మది బొబ్బిలి పక్క పల్లె. గోడమీది పటం చూపించి, "పెళ్ళయిన ఏడు ఇజీనగరం ఎల్లి దిగినాం" అనేది. అందులో తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు, చేతిలో లావుపాటి పుస్తకం. తాతకి అక్షరమ్ముక్క రాదు. చేతి గడియారం స్టూడియో వాళ్ళదట. వెనక తెరమీద మేడమెట్లు, స్తంభాలు, ఉండేదేమో తాటాకిల్లు. ఆ పటాన్ని అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు. నలుగురూ తమని ఎలా చూడాలో ముందే అనుకుని వెళ్ళారు వాళ్ళు. బరిలోకి దిగడంలో ఉన్న పూనికే ఈ దిగడంలోనూ ఉంది. కన్యాశుల్కం మొదటి అంకంలో గిరీశానికి ఫొటోగ్రాఫుల బాకీ ఉంటుంది చూడండి. ఆ మోజు మనవైపు అంత పాతది.

ఇంకో అర్థమూ ఉంది. "అచ్చు బాగా దిగింది" అంటాం. "వాళ్ళ నాన్నని దించేశాడు" అంటాం. పాత పెట్టె కెమెరా వెనక నల్లగుడ్డలో తలపెట్టి చూస్తే, గరుకుగాజు మీద మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. ఆ గాజు ఉన్నచోటే పలక పెట్టి రూపాన్ని దానిమీదికి దించేవారు. దీనికి "దిగు" కన్నా మంచి క్రియ ఏముంది?

అయితే కెమెరా ముందు నిలబడ్డ ప్రతివాళ్ళూ దిగినట్టు కాదు. 1868-75 మధ్య "ది పీపుల్ ఆఫ్ ఇండియా" అని 8 సంపుటాలు ఫోటోలతో అచ్చయ్యాయి. చాలా బొమ్మల కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది, మనిషి పేరుండదు. 1909లో థర్‌స్టన్ అనే ఆంగ్లేయుడు దక్షిణాది కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చాడు. అందులో మన సవరలూ ఉన్నారు. తలలు, ముక్కులు కొలిచి మనుషుల్ని లెక్కగట్టిన అధికారి ఆయన. అలాంటి పుస్తకాల్లో పేరు లేకుండా మిగిలినవాళ్ళని "ఫోటో దిగారు" అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళని తీశారు, అంతే.

ఈ తేడా మామ్మకి తెలుసు. ఆధార్ కార్డుకి వెళ్ళొచ్చిన రోజు, "ఏటయింది మామ్మా?" అని అడిగాను.

"పొటో తీసినారు" అంది. దిగినానని అనలేదు.