35 వేలల్లో ఇంటికి కంప్యూటర్, షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్ ఇది, తీసుకోవచ్చా?

మున్నేరు_గట్టు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. మా చెల్లి ఈ ఏడే బీటెక్‌లో జాయినైంది, సీఎస్ఈ ఏఐ ఎంఎల్, హాస్టల్ వద్దనుకున్నాం, కాలేజీ బస్సులో పోయొస్తది. నాన్న ఇంట్లోనే డీటీపీ చేస్తాడు, పెళ్లికార్డులు, కరపత్రాలు, సీజన్లో ఫ్లెక్సీలు, ఆ పాత సిస్టం ఆన్ చేసి టీ తాగొచ్చే లోపల కూడా డెస్క్‌టాప్ రాదు. అందుకే ఇద్దరికీ కలిపి ఒక కొత్తది చేయిద్దామని చూస్తున్నా. బడ్జెట్ 35 వేలు, మహా అయితే ఇంకో వెయ్యి. మానిటర్, కీబోర్డు, మౌస్ పాతవే, మానిటర్‌కి పాతకాలం వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది. ఇక్కడ ఒక షాపులో అడిగితే ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 512 ఎస్ఎస్‌డీ, లైట్లు వెలిగే గేమింగ్ కేబినెట్, అన్నీ కలిపి 33,500 అన్నారు. ఏఐ బ్రాంచి కాబట్టి గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే పనే నడవదంట. ఐ7 ఈ రేటుకి వస్తుందంటే మంచి బేరమే కదా అనిపిస్తుంది, కానీ ఎక్కడో డౌట్ కొడుతుంది. చెప్పండి.

సాల్డరింగ్_అన్న:
ఐ7 అంటే ఏ ఐ7 తమ్ముడూ? నంబర్ మొత్తం చెప్పు. మదర్‌బోర్డు ఏంది, గ్రాఫిక్స్ కార్డ్ ఏంది, లోపల కరెంటిచ్చే డబ్బా ఎస్ఎంపీఎస్ ఏ కంపెనీ, ర్యామ్ ఏ తరందో, అంటే డీడీఆర్ ఎంత, అవన్నీ కొటేషన్ మీద రాయించుకొని రా. రాయమంటే నసుగుతున్నరంటే అక్కడ్నే అర్థమైపోవాలె.

మున్నేరు_గట్టు:
మళ్లీ పోయి రాయించుకొచ్చా అన్నా. ఐ7 3770, బోర్డు హెచ్61, ర్యామ్ డీడీఆర్3, కార్డ్ జీటీ 730. ఎస్ఎంపీఎస్ 450 వాట్లది కేబినెట్‌తో ఫ్రీ, ఆ కంపెనీ పేరు నేనెప్పుడూ వినలే.

సాల్డరింగ్_అన్న:
అనుకున్నదే అయింది. 3770 అనేది 2012ల వచ్చిన చిప్పు. అప్పట్ల రాజా, కాదనను, కానీ ఇప్పుడు కొత్త ఐ3 12100 తీసుకున్నా దానికీ నాలుగు కోర్లు ఎనిమిది థ్రెడ్లే, ఒక్కో కోరు వేగం మాత్రం దాదాపు రెట్టింపు. ఐ7 అన్న పేరు చూసి జనం పడిపోతరని షాపులకు తెలుసు, పాత ఆఫీసు సిస్టంల నుంచి పీకిన చిప్పు, చైనా నుంచి వచ్చిన కొత్త హెచ్61 బోర్డు, పైన అద్దాల కేబినెట్, అయిపాయె. ఆ హెచ్61 బోర్డుకి డిస్కులు తగిలించే సాటా పోర్టులు 3 గిగాబిట్లవే, నువ్వు మంచి ఎస్ఎస్‌డీ పెట్టినా సగం వేగం అక్కడ్నే ఆగిపోతది. ఇంకోటి, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తోని ఐపోయింది, విండోస్ 11 లిస్టుల ఇంటెల్ 8వ జనరేషన్ నుంచే ఉన్నయ్, 3770 అంటే 3వది. ఏదో దొంగదారిల ఎక్కించి ఇస్తరు, ఎక్కుతది కూడా, రేపు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు కూసొని చూసుకోవాలె.

ఇగ జీటీ 730. అది 2014 కార్డ్. అందుల 4 జీబీ అని రాసుంటది గానీ ఆ మెమరీ చాలావాటిల డీడీఆర్3, నత్తనడక. కార్డ్ చేసే ఎన్‌విడియా కంపెనీ ఆ కెప్లర్ తరం కార్డులకి మామూలు డ్రైవర్లు ఇచ్చుడు 2021లనే ఆపేసింది. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ లోపల ఉండే గ్రాఫిక్సే దీనికంటే మేలు. ఏఐ చదువుకి ఇది కావాలన్నోడు ఒక్కసారన్నా దాని మీద ఏదన్నా మోడల్ నడిపిండా అడుగు.

కూకట్‌పల్లి_కోడర్:
ఏఐ ఎంఎల్ సంగతి నేను చెప్తా, నాదీ అదే పని. కార్డ్ మీద ఏఐ లెక్కలు నడిపే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్ క్యూడా, దాని ఇప్పటి వెర్షన్లు ఆ కార్డ్‌ని గుర్తించవు, ఎంఎల్ మోడళ్లు రాసే పైటార్చ్ ఇన్‌స్టాల్ చేసినా మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తుంది, అంటే ఆ కార్డ్ అక్కడ ఫ్యాన్ తిప్పుకుంటూ కూర్చుంటుంది అంతే. అసలు ఫస్టియర్లో సీ లాంగ్వేజి, లెక్కలు, ఇంజినీరింగ్ డ్రాయింగు, ఎంఎల్ ముఖం చూసేది తర్వాతెప్పుడో. అప్పటికి కూడా ల్యాబ్ ఎక్సర్‌సైజులకి బ్రౌజర్లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్‌లో ఫ్రీగా జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్ ఇస్తారు, టీ4 కార్డ్, 16 జీబీ మెమరీ ఉన్నది, ఎప్పుడూ దొరుకుతుందని గ్యారంటీ లేదు గానీ స్టూడెంట్‌కి సరిపోతుంది. ఆ డబ్బులు ర్యామ్ మీద పెట్టండి.

బై ద వే ల్యాప్‌టాప్ ఎందుకు ఆలోచించలేదు? థర్డియర్లో హ్యాకథాన్లు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ అంటూ ఎలాగూ అడుగుతుంది.

మున్నేరు_గట్టు:
ల్యాప్‌టాప్ చెల్లి పట్టుకుపోతే నాన్న పని ఆగిపోద్ది. రెండోది ఆ చిన్న స్క్రీన్ మీద కార్డు డిజైన్ చేయడం ఆయన వల్ల కాదు. థర్డియర్ కష్టాలు థర్డియర్లో చూద్దాం. మరైతే ఏం తీసుకోవాలి? ఇన్వర్టర్ ఉంది ఇంట్లో, కరెంటు పోతూ వస్తూ ఉంటది, అది కూడా చెప్పండి.

సాల్డరింగ్_అన్న:
నీ పనికి రెండు దార్లు. ఒకటి ఐ3 12100, హెచ్610 బోర్డు. రెండు రైజెన్ 5 5600జీ, బీ450 లేదా బీ550 బోర్డు. గేములు కొంచెం ఆడాలంటే 5600జీ, ఆరు కోర్లు, లోపలి గ్రాఫిక్స్ గట్టిది. కానీ ఆ గ్రాఫిక్స్ మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటది, రెండు ర్యామ్ స్టిక్కులు జతగా పెడితేనే దాని తడాఖా. మీ ఇంట్ల గేములెవరు ఆడరు, ఫోటోషాప్, క్రోమ్, కోడింగ్, అంతే కదా, 12100 చాలు. రేపు బుద్ధి పుడితే అదే సాకెట్ల 13, 14 జనరేషన్ ఐ5 ఎక్కించుకోవచ్చు, బోర్డుల ఉండే బయోస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే చాలు.

ఒక్కటి మాత్రం పట్టి పట్టి చూడు. 12100 వేరు, 12100ఎఫ్ వేరు. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండది, వెయ్యో రెండువేలో తక్కువకి అది అంటగట్టి, అన్నా డిస్‌ప్లే రాదు కదా అని మళ్ల అదే జీటీ 730 నీకు అమ్ముతరు. అట్లనే ట్రే ప్రాసెసర్ వద్దు, డబ్బాతో ఉన్న బాక్స్ ఐటమే తీసుకో, మూడేళ్ల వారంటీ దానికే, కూలర్ కూడా అందులనే వస్తది. బోర్డు వెనక వీజీఏ పోర్టు ఉన్న మోడల్ చూసుకో, హెచ్610లల్ల ఇంకా వస్తున్నయ్, పాత మానిటర్‌కి కన్వర్టర్ల గోల ఉండది.

చీరాల_చిన్నోడు:
ఎస్ఎంపీఎస్ గురించి ఎవరూ చెప్పలేదేంటండీ, అసలు కథంతా అక్కడే ఉంది! కేబినెట్‌తో ఫ్రీగా వచ్చే 450 వాట్ల డబ్బా పక్కన అంటించిన స్టిక్కర్ చదవండి, ప్లస్ 12 వోల్టులు అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాశాడో చూడండి. 14 ఆంపియర్లు రాసుంటే పన్నెండు పద్నాలుగులు 168 వాట్లు, ఇప్పటి సిస్టం కరెంటంతా ఆ లైను మీదే తీసుకుంటుంది, మిగతా అంకె ఎక్కడ నుంచి వచ్చిందో ఆ స్టిక్కర్ వేసినోడికే తెలియాలి. నిజమైన 450 వాట్ల దాంట్లో 35 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది. మీ సిస్టంకి వాట్లు ఎక్కువ అక్కర్లేదు, 12100 ఫుల్లుగా తిరిగినా 89 వాట్లే, కానీ వోల్టేజి ఎగిరినప్పుడు పక్కకి తప్పుకునే బుద్ధి మంచి ఎస్ఎంపీఎస్‌కే ఉంటుంది, లేనిది పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ వెంటబెట్టుకుపోతుంది. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, తెలిసిన కంపెనీది తీసుకోండి.

ఇన్వర్టర్ ఉంది కాబట్టి యూపీఎస్ వేరే కొనే ముందు ఒకటి చేయండి, చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, దాన్ని ఆ మోడ్‌లో పెడితే మార్పిడి త్వరగా జరుగుతుంది, సిస్టం రీస్టార్ట్ అవకుండా నిలబడొచ్చు. నిలబడకపోతే 600 వీఏ యూపీఎస్ ఒకటి తీసుకోండి. ఆ తర్వాత ఎర్తింగ్. కేబినెట్‌కి చెయ్యి తగిలితే జిల్లుమంటోందంటే సిస్టం పాడైందని కాదు, ప్లగ్గులో మూడో పిన్నుకి ఎర్త్ రావట్లేదని. ఎలక్ట్రీషియన్ని పిలిచి ముందు అది చూపించండి, ఇంటి వైరింగ్ చేసినోళ్లు చాలామంది ఆ పైకన్నం ఖాళీగా వదిలేస్తారు.

డీటీపీ_బాబాయ్:
నాన్నగారి పని గురించి ఒక మాట. ఆయన అను అనే పాత తెలుగు ఫాంట్లలో చేస్తుంటే పాత ఫైళ్ళన్నీ యూనికోడ్ కాదు, ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. కొత్త సిస్టం రాగానే పాతది అమ్మేసే ఆలోచన పెట్టుకోవద్దు. కొత్తదాంట్లో ఫాంట్లు, కీబోర్డు లేఅవుటు, ప్రింటర్ డ్రైవరు అన్నీ పనిచేసి, పాత పెళ్లికార్డు ఒకటి తెరిచి ప్రింటు చూసుకున్నాక అప్పుడు ఆలోచించండి. ముహూర్తాల సీజన్ మధ్యలో మాత్రం మార్చకండి బాబూ, కస్టమర్లు తలుపు దగ్గర నిలబడి ఉంటే చాలా నరకం. పాత హార్డ్‌డిస్కు సాటాదే అయితే కొత్త సిస్టంకి తగిలించి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు.

మున్నేరు_గట్టు:
అందరికీ థాంక్స్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో మా ఫ్రెండ్‌తో రెండు మూడు షాపుల్లో అడిగించా. 12100 బాక్స్, వీజీఏ ఉన్న హెచ్610, బ్రాంజ్ ఎస్ఎంపీఎస్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, మామూలు కేబినెట్. అన్నీ బానే ఉన్నాయి గానీ ర్యామ్ దగ్గర గుండె ఆగింది, 16 జీబీ ర్యామ్ ఒక్కటే ప్రాసెసర్ రేటుకి దగ్గరగా చెప్తున్నారు. మొత్తం 35 దాటి రెండువేలు పైకి పోతుంది. పాత సిస్టంలో ర్యామ్ పీకి పెట్టొచ్చా?

సాల్డరింగ్_అన్న:
పాతది డీడీఆర్3 అయుంటది, స్లాట్ల దూరదు. ర్యామ్ రేట్లు 2025 చివరి నుంచే గిట్ల మండుతున్నయ్, కంపెనీలన్నీ ఏఐ సర్వర్లకి మెమరీ చేస్తున్నయ్, అక్కడ పైసలెక్కువ, మనం వాళ్లకు కనబడుతలేం. ర్యామ్ చేసే మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్ల క్రూషియల్ పేరు మీద మనలాంటోళ్లకి అమ్ముడే బంద్ చేస్తున్నట్టు చెప్పింది. ఇప్పుడు 8 జీబీ ఒక్కటి తీసుకొని రెండో స్లాట్ ఖాళీ ఉంచు, రేటు దిగినంక ఇంకో 8 పెట్టు, జత కూడా కుదురుతది.

కూకట్‌పల్లి_కోడర్:
నేను ఒప్పుకోను అన్నా. 8 జీబీలో విండోస్ 11, క్రోమ్, దాని మీద ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ ఫైల్ తెరిస్తే ర్యామ్ చాలక చచ్చినట్టు ఎస్ఎస్‌డీ మీద రుద్దుతుంది. రేటు ఎప్పుడు దిగుతుందో ఎవరికి తెలుసు, ఇంకా పెరిగితే? లోపలి గ్రాఫిక్స్‌తో గేములు ఆడరు కాబట్టి జత లేకపోయినా వీళ్లకి తేడా తెలీదు. 16 ఒకటే స్టిక్ తీసుకోండి, రెండో స్లాట్ ఎలాగూ ఖాళీయే.

సాల్డరింగ్_అన్న:
ఫ్లెక్సీ ఫైల్ సంగతి మర్శిన. అది నిజమే, 20 అడుగుల ఫ్లెక్సీ అంటే ఫైల్ బరువే వేరు. సరే 16 తీసుకో, కేబినెట్‌ల తగ్గించు. అద్దం, లైట్లు, మూడు ఫ్యాన్లు ఏం వద్దు, ఈ చిప్పుకి వెనక ఒక్క ఫ్యాన్ ఉన్న రేకుడబ్బా చాలు. ఎస్ఎంపీఎస్ ముట్టకు. ఎస్ఎస్‌డీ 500 నుంచి 256కి దించుత అనకు, నాన్న పాత హార్డ్‌డిస్క్ కాపీ చేస్తే నిండిపోతది.

చీరాల_చిన్నోడు:
బిల్లు కూడా అడగండి. జీఎస్టీ లేకుండా అయితే తగ్గిస్తాం అంటారు, ఆ 18 శాతానికి ఆశపడితే వారంటీ రోజున మీ మొహం కూడా గుర్తుపట్టరు. బిల్లులో ఒక్కో పార్టు సీరియల్ నంబరు రాయించుకోండి. షాపువాళ్లు ఊరికే వేసిచ్చే విండోస్, ఫోటోషాప్ క్రాక్‌లవే అయుంటాయి, వాటిలో ఏమేం వస్తాయో దేవుడికెరుక, చెల్లెలు విండోస్ బదులు ఉచితంగా వచ్చే ఉబుంటు నేర్చుకుంటే ఆమె చదువుకి ఇంకా మంచిదే.

మున్నేరు_గట్టు:
చిన్న కేబినెట్‌తో అడిగించా, 36 లోపలికి వచ్చింది, నాన్న ఓకే అన్నాడు. ఆదివారం షాపులు సగం మూసుంటాయంట, శనివారం పోతున్నా. ఇంకేమన్నా చూడాల్సింది ఉందా?

సాల్డరింగ్_అన్న:
హెచ్610ల డీడీఆర్4 బోర్డులు వేరే, డీడీఆర్5 బోర్డులు వేరే, పేర్లు చూస్తే ఒక్కతీరే ఉంటయ్. డబ్బా మీద ఏ ర్యామ్ అని రాసుందో చదివి, అదే ర్యామ్ కొను. కౌంటర్ మీదనే బిగించి డిస్‌ప్లే చూపించమను, అప్పుడే పైసలియ్యి.