సిటీ ఆఫ్ ప్యారిస్: జంట ప్రొపెల్లర్లు ఉండి కూడా ఆ ఓడ నడిసముద్రంలో ఎందుకు ఆగిపోయింది?

ప్రశ్న:
ఇన్మన్ లైన్ అనే ఓడల కంపెనీ కోసం స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో నిర్మించిన సిటీ ఆఫ్ ప్యారిస్ 1889 మే నెలలో 5 రోజుల 23 గంటల 7 నిమిషాల్లో అట్లాంటిక్‌ను పడమటి దిశగా దాటి, ఆ ప్రయాణాన్ని ఆరు రోజుల లోపు ముగించిన తొలి ఓడగా పేరు పొందింది. ఒక ప్రొపెల్లర్ చెడిపోయినా రెండోది ఓడను గమ్యం చేరుస్తుందన్న నమ్మకంతోనే దానికి రెండు అమర్చారని చదివాను. అలాంటప్పుడు 1890 మార్చి 25న ఒక వైపు షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు) విరిగితే ఓడ మొత్తం ఎందుకు నిలిచిపోయింది?

మొదటి జవాబు:
విరిగిన షాఫ్ట్ కంటే, విరిగాక ఆ వైపు ఇంజిన్ చేసిన విధ్వంసమే దానికి కారణం. నీటిని తోసే ప్రొపెల్లర్ భారం ఒక్కసారిగా తొలగిపోవడంతో ఆవిరి బలానికి ఇంజిన్ అదుపు తప్పి తిరిగి, తనను తానే ముక్కలు చేసుకున్నది. ఆ ముక్కలు రెండు ఇంజిన్ గదుల నడుమ ఉన్న నిలువు అడ్డుగోడను ఛేదించుకుపోవడంతో రెండో ఇంజిన్ గదిలోకీ నీరు చేరింది. ఓడకు అడ్డంగా కట్టిన నీరు చొరని గోడలు మాత్రం నిలిచాయి. అందువల్లనే ఒక్క ప్రాణమైనా పోకుండా ఓడను ఐర్లాండ్ ఓడరేవు క్వీన్స్‌టౌన్‌కు లాగుకొని రాగలిగారు.

రెండవ జవాబు:
పై వివరణ సరైనదే. అయితే దీన్ని చూసి జంట ప్రొపెల్లర్ల ఆలోచనే విఫలమైందని అనుకోరాదు. ఒకే ప్రొపెల్లర్ ఉన్న రోజుల్లో, అది విరిగితే దిక్కెవరని ఆవిరి ఓడలు సైతం తెరచాపలను మోసుకు తిరిగేవి; ఆ అవసరం లేకుండా చేసినవి ఈ ఓడ, దీని జంట ఓడ సిటీ ఆఫ్ న్యూయార్క్. పైగా మరమ్మతు పూర్తయి 1891లో తిరిగి సేవలోకి వచ్చిన ఇదే ఓడ 1892 అక్టోబరులో సగటున 20.7 నాట్ల వేగంతో, పోటీ కంపెనీ వైట్ స్టార్ లైన్ వారి ఓడ టుటోనిక్ అప్పటికి తీసుకుపోయిన రికార్డును మించిపోయింది. మరుసటి ఏడాదే మరో పోటీ కంపెనీ క్యునార్డ్ వారి ఓడ కాంపానియా వచ్చి ఆ రికార్డునూ దాటేసిందనుకోండి.

మూడవ జవాబు:
ఆ తరువాతి కథ కూడా చెప్పుకోదగినదే. 1893లో అమెరికా జెండా కిందికి వెళ్లి, పేరు ప్యారిస్‌గా మార్చుకుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు యేల్ అనే పేరుతో నౌకాదళంలో పనిచేసింది. 1899 మేలో ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ తీరపు మేనకిల్స్ అనే రాళ్లపై చిక్కుకొని, వాటి నుంచి బయటపడి, మూడు పొగగొట్టాలకు బదులు రెండింటితో ఫిలడెల్ఫియాగా మారింది. 1902లో ఆ పేరుతో సాగిన ఒక ప్రయాణంలోనే వైర్‌లెస్ మార్గదర్శి మార్కోనీ, కార్న్‌వాల్‌లోని తన కేంద్రం పోల్డూ నుంచి వచ్చే వైర్‌లెస్ సంకేతాలు పగలు సుమారు 700 మైళ్ల వరకే అందుతుండగా, రాత్రివేళ 2,000 మైళ్లు దాటినా వినిపిస్తున్నాయని గమనించాడు. నా దృష్టిలో ఆ ఓడ మోసిన అన్ని రికార్డులకంటే ఈ పరిశీలనే విలువైనది. 1923లో దానిని జెనోవాలో విడగొట్టారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ప్రమాదం షాఫ్ట్ దగ్గర మొదలైనా, అసలు దెబ్బ మధ్య గోడకు తగిలిందన్న సంగతి నేను చదివిన వ్యాసంలో లేదు.