పదకొండు వారాల పాప ఇంకా నవ్వట్లేదు, మీరు మీ పిల్లల్లో ఏమేం గమనించారు?

తెనాలి అమ్మ:
మా పాపకి పదకొండు వారాలు. 35 వారాలకే పుట్టేసింది. బరువు బాగానే పెరుగుతోంది గానీ ఇంకా మొహంలోకి చూసి నవ్వట్లేదు. మా ఆడపడుచు బాబుదీ ఇదే వయసు, వాడు నవ్వుతాడు, మెడ కూడా కాస్త నిలుపుతున్నాడు, రోజూ వీడియో కాల్‌లో మా అత్తగారు ఇద్దరికీ పోలికలు పెడుతున్నారు, ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొస్తోంది. పాలు తాగిన టైము, పడుకున్న టైము అన్నీ రాసుకుంటున్నాను, అసలు చూడాల్సింది ఏమిటో తెలియట్లేదు. మీ అనుభవాలు చెప్పండి.

మెదక్ అంగన్‌వాడీ టీచర్:
ముందు లెక్క సరిచేసుకోండమ్మా. నిండు నెలలంటే 40 వారాలు. మీ పాప ఐదు వారాలు ముందే వచ్చింది కాబట్టి ఎదుగుదల చూసేటప్పుడు ఆ ఐదూ తీసెయ్యాలి, రెండేళ్ళ వరకూ అలాగే చూస్తారు. అంటే ఇప్పుడు ఆరు వారాల పాప కింద లెక్క. మనిషిని చూసి నవ్వడం మామూలుగా ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. టీకాలకి మాత్రం పుట్టిన తేదీయే లెక్క, అది మర్చిపోవద్దు. ఇళ్ళకి వెళ్ళినప్పుడు నేను చూసేవి ఇవి: గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతుందా, అమ్మ మొహం పక్కకి జరిగితే కళ్ళు వెంట వస్తున్నాయా, రెండు చేతులూ ఒకేలా ఆడిస్తుందా. వీటిలో తేడా అనిపించినా, అప్పటిదాకా చేస్తున్నది ఏదైనా మానేసినా, ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

కడప అక్క:
మాదీ 34 వారాలకే. ఈ లెక్క మాకెవరూ చెప్పలేదు, మూడు నెలలు టెన్షన్ పడ్డాను.

రాజమండ్రి అమ్మమ్మ:
నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు. నలుగురు మనవలకీ చేశాను తల్లీ, ఒక్కదానికీ ఫలానా నెల అని పెట్టుకోలేదు, పిల్ల చేసిన రోజే పొయ్యి వెలిగించేవాళ్ళం. కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసేటప్పుడు బాగా చూడు. మా రెండోవాడు నీళ్ళు పడగానే బిగుసుకుపోయేవాడు, మా కోడలు పక్కన కూర్చుని మాట్లాడుతుంటే ఒళ్ళు వదిలేసేవాడు. వాళ్ళమ్మ గొంతు గుర్తుపట్టాడని అలా తెలిసింది.

ఉప్పల్ నాన్న:
రాత్రి రెండింటికి పాలు పట్టడం నా వంతు. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో ఫోన్. మూడో నెలలో ఒక రాత్రి బాబు నా మొహం వైపే చూస్తూ ఊ అన్నాడు, నేను తల ఎత్తలేదు, మళ్ళీ అన్నాడు, తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్ళు 1978లో ఇదే రాశారు: తల్లి మొహంలో ఏ కదలికా లేకుండా కాసేపు కూర్చుంటే పసిపిల్లలు ముందు ఆమెని కదిలించాలని చూస్తారు, చివరికి మొహం తిప్పుకుంటారు. చదివి చాలా బాధపడ్డాను. ఇప్పుడు ఫోన్ హాల్లో పెట్టే వస్తున్నాను.

లండన్ తెలుగమ్మాయి:
ఇక్కడ పిల్లల సైకాలజీ చదువుతున్నాను. 1948లో ఇక్కడి టావిస్టాక్ అనే మానసిక వైద్య క్లినిక్‌లో ఎస్తర్ బిక్ అనే సైకోఅనలిస్టు మొదలుపెట్టిన పద్ధతి ఒకటి ఉంది. వారానికో గంట ఒక ఇంటికి వెళ్ళి పాపనీ ఇంట్లోవాళ్ళనీ చూస్తూ కూర్చోవాలి, అక్కడ ఏమీ రాసుకోకూడదు, సలహాలివ్వకూడదు, ఇంటికొచ్చాక గుర్తున్నదంతా రాయాలి. మొదటి నెలంతా నేను పాపనే చూశాను. పాప ఏడిచినప్పుడల్లా నాలుగేళ్ళ అన్న బొమ్మ కారుని నేలకేసి కొడుతున్నాడని తర్వాత గానీ నా కళ్ళకి ఆనలేదు. పాపని ఎత్తుకునే ముందు వాళ్ళమ్మ వాడి తల నిమిరిన రోజు కొట్టలేదు. అక్కా, మీరు కూడా టైములు పక్కన పెట్టి రోజుకి పది నిమిషాలు ఊరికే చూడండి, పాప ఏం చేస్తే ఎవరేం చేశారో తర్వాత రాసుకోండి.

తెనాలి అమ్మ (రెండు వారాల తర్వాత):
పది నిమిషాలు చూస్తే తెలిసింది, నేను పాపతో గుక్క తిప్పుకోకుండా మాట్లాడేస్తున్నాను. మా అమ్మ ఒక మాట అని ఆగుతుంది, పాప పెదాలు కదుపుతుంది, కాళ్ళు ఆడిస్తుంది, అప్పుడు ఇంకో మాట అంటుంది. నేనూ ఆగడం మొదలుపెట్టాను. బుధవారం పొద్దున ఒళ్ళో పెట్టుకుని, జానెడు దూరంలో మొహం పెట్టి "ఏంటమ్మా" అని ఆగాను. నవ్వింది! అమ్మ ఇప్పుడు వంటింట్లో నువ్వులు వేయిస్తోంది. వీడియో కాల్‌లో పోలికలు ఆపమని మాత్రం ఇంకా అడగలేకపోతున్నాను, అత్తగారి మనసు నొచ్చుకోకుండా మీలో ఎవరైనా చెప్పి ఉంటే ఏ మాటలతో చెప్పారో రాయండి.