రోడ్డు పనుల గోతిలో పడితే కాంట్రాక్టర్‌ను అడగొచ్చా? స్టేషన్‌లో ‘సెల్ఫ్ యాక్సిడెంట్’ అంటున్నారు

అడిగినవారు:
అందరికీ నమస్కారం. పన్నెండు రోజుల కిందట మా బాబాయి బైక్ మీద ఊరికి వస్తూ, కల్వర్టు కోసం సగం రోడ్డు తవ్వి వదిలేసిన చోట పడిపోయాడు. అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర. కుడి కాలు రెండు చోట్ల విరిగితే రాడ్ వేశారు. గోతి దగ్గర ఉన్నదల్లా సున్నం రాసిన నాలుగు రాళ్లు, వాటి మీద ఒక సిమెంటు సంచి. లైటు లేదు, బోర్డు లేదు. తెల్లారి నేను వెళ్లేసరికి బారికేడ్లు వచ్చేశాయి. రేడియం స్టిక్కర్ మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు, అంత కొత్తవి!

బండి తనే పడింది కాబట్టి సెల్ఫ్ యాక్సిడెంట్ అని స్టేషన్‌లో అంటున్నారు. కాంట్రాక్టర్ మనిషి ఆస్పత్రికొచ్చి, ఇరవై వేలు ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నాడు. పిన్ని తీసుకుందామంటోంది. ఏం చేయమంటారు?

ఇలాగే పడి లేచినవాడు:
తమ్ముడూ, సంతకం మాత్రం పెట్టించకు. నేను పెట్టాను. ‘నా నిర్లక్ష్యం వల్లే పడ్డాను, ఎవరి మీదా కేసు లేదు’ అని అందులో ఉందని తర్వాత తెలిసింది. డబ్బు అవసరమైతే తీసుకోండి. ‘వైద్య ఖర్చుల కోసం ఇంత ముట్టింది’ అని మీరే రాసి ఇవ్వండి, అంతకు మించి ఒక్క ముక్క ఉండకూడదు. ‘అలాగైతే డబ్బు ఇవ్వం’ అని వాళ్లంటే, వాళ్లు అడుగుతున్నది ఏమిటో అక్కడే అర్థమైపోతుంది.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
ముప్పై ఏళ్లు ఈ పనుల్లోనే ఉన్నాను, అవతలి వైపు సంగతి చెబుతాను. రోడ్డు తవ్వితే ట్రాఫిక్‌ను ఎలా మళ్లించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ ఎస్‌పీ 55 అనే పుస్తకంలో ఉంటుంది. 2014లో సవరించారు. దూరం నుంచే హెచ్చరించే భాగం, బండ్లను పక్కకు మళ్లించే భాగం, పని జరిగే చోటు, పని దాటాక మళ్లీ మామూలు దారిలో కలిసే భాగం అని పని చోటును నాలుగుగా విడగొడతారు. గోతి అంచున రాయి పెట్టి ‘హెచ్చరించాం’ అంటే కుదరదు. హెచ్చరిక గోతికి చాలా ముందే కనబడాలి, చీకట్లో కూడా.

సాధారణంగా ఈ బాధ్యత కాంట్రాక్టర్‌దేనని అగ్రిమెంట్‌లో రాసే ఉంటుంది. ఇంకో మాట, చాలామందికి తెలియదు: పెద్ద పనులకు కాంట్రాక్టర్ తీసుకునే ఇన్సూరెన్స్‌లో బయటివాళ్లకు జరిగే నష్టానికి కూడా కవర్ ఉంటుంది. ఆ పాలసీ కాపీ, అగ్రిమెంట్, ఆ తేదీకి సైట్ ఎవరి చేతిలో ఉందో చూపే కాగితాలు సమాచార హక్కు కింద అడగండి. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘అది సబ్ కాంట్రాక్టర్ చేసిన పని’ అంటారు. అది వాళ్లలో వాళ్లు తేల్చుకునే లెక్క, మీకు సంబంధం లేదు.

జిల్లా కోర్టు లాయర్:
ఇంజనీరుగారు చెప్పింది నిజం. నేను ముందు ఒకటి అడుగుతాను: మీ బాబాయి దేన్ని గుద్దారు? గోతిలోనే పడ్డారా, లేక టిప్పరో, రోలరో, జేసీబీనో తగిలి పడ్డారా? కేసు ఎక్కడ వేయాలన్నది దీన్ని బట్టే తేలుతుంది.

ఉత్త గోతి అయితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నిలవడం కష్టం. ఆ ట్రిబ్యునల్ బండి వాడకం వల్ల జరిగిన ప్రమాదాల కోసం, బండి యజమాని మీద, బీమా కంపెనీ మీద క్లెయిమ్ వేయడానికి. గోతి తవ్వినవాడి మీద నష్టపరిహారానికి సివిల్ కోర్టుకు వెళ్లాలి. ప్రభుత్వ శాఖను కూడా చేర్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. గడువు సాధారణంగా మూడేళ్లు. అయినా, చట్టం ప్రకారం చేసిన పనికి ఏడాదే గడువు అని అవతలివాళ్లు వాదించే వీలుంది. కాబట్టి ఏడాదిలోపే వేసేయండి.

క్రిమినల్ వైపు: తీవ్ర గాయానికి భారతీయ న్యాయ సంహిత 125(బి), దారిలో ప్రమాదం కల్పించినందుకు 285. ఫిర్యాదు రాసి ఇవ్వండి. తీసుకోకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు ఉంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఎ కూడా ఫిర్యాదులో రాయండి. రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వైకల్యం వచ్చినా కాంట్రాక్టర్‌కు, బాధ్యత ఉన్న ప్రభుత్వ సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా. అయితే ఆ డబ్బు మీకు రాదు, ప్రమాద నిధికి పోతుంది. ఆ సెక్షన్ రాస్తే లక్ష వస్తుందని ఎవరో చెబుతారు, నమ్మకండి.

బైక్ పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా అని కూడా అడుగుతారు. అది చనిపోయినా, కాళ్లూ చేతులూ కళ్లూ పోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా ఇచ్చేది. విరిగి అతుక్కునే కాలుకు రాదు.

అడిగినవారు:
లాయర్‌గారూ, ఇందాక బాబాయిని అడిగాను. గోతి పక్కన టిప్పర్ ఆపి ఉందట, వెనక ఒక్క లైటూ లేదట. దగ్గరికొచ్చాక చూసి పక్కకు తిప్పితే హ్యాండిల్ దాని వెనక డోర్‌కు తగిలి గోతిలో పడ్డాడట. హ్యాండిల్ చివర పసుపు రంగు అంటుకుని ఉంది, ఇప్పుడే చూశాను. ఆ రాత్రి మావాడు తీసిన ఫొటోలో టిప్పర్ నంబరు సగం కనబడుతోంది. తల మీద హెల్మెట్ లేదు, ట్యాంకు మీద పెట్టుకున్నాడు. దానితో కేసు పోతుందా?

జిల్లా కోర్టు లాయర్:
అయితే ట్రిబ్యునల్‌కే వెళ్లండి. లైటు లేకుండా రోడ్డు మీద ఆపిన బండి కూడా ‘బండి వాడకం’ కిందికే వస్తుంది, ప్రమాదకరంగా ఆపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 ప్రకారం తప్పు. ప్రమాదం జరిగిన చోటే కాదు, మీరు ఉండే చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు, దాన్ని దాటనివ్వకండి. హెల్మెట్ లేనందుకు చలానా వేయొచ్చు. పరిహారంలో కోత అంటారా, తలకు దెబ్బ తగిలితే ఆ వాదనకు బలం. కాలు విరిగినదానికి హెల్మెట్‌తో ఏం పని?

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. బాబాయి చెప్పిందే రాయండి. క్లెయిమ్ కోసం లేని బండిని తెచ్చి పెట్టే కేసులు చూసి చూసి బీమా కంపెనీలు మొదటి రోజు కాగితాలే వెతుకుతాయి. ఆస్పత్రి ఎంఎల్‌సీలో, అంటే దెబ్బ ఎలా తగిలిందో పోలీసు కేసు కోసం డాక్టరు రాసే రికార్డులో, ఏం రాశారో ఈ రోజే చూడండి. అందులో ‘బైక్ స్కిడ్’ అని ఉంటే, అలా ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలుసుకుని ఫిర్యాదులోనే వివరణ ఇవ్వండి. బైక్ రిపేరుకు ఇవ్వొద్దు, ఆ పసుపు రంగు అలాగే ఉండాలి. ఫొటో తీసిన ఫోన్ కూడా మార్చొద్దు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ చాలదు, ఒరిజినల్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ ఇవ్వాలి.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
టిప్పర్ కంపెనీదా, అద్దెదా అని కనుక్కోండి. మా రోజుల్లో సగం బండ్లు అద్దెవే. నంబరు పూర్తిగా దొరికితే బీమా ఉందో లేదో పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

అడిగినవారు:
ఎంఎల్‌సీ చూశాను సార్. ‘బైక్ మీద నుంచి పడ్డాడు’ అని ఉంది, టిప్పర్ మాట లేదు. ఆ రాత్రి చెప్పింది పక్క ఊరి ఆటో డ్రైవర్, ఆయన వచ్చేసరికే బాబాయి గోతిలో ఉన్నాడు. రేపు ఆయన్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్తున్నాను. బైక్ మా పశువుల కొట్టంలో పెట్టి గోనెపట్టా కప్పాను. ఇరవై వేలు వద్దని పిన్నే చెప్పింది.