శ్రీకాకుళం జిల్లాలో పుట్టే ప్రతి బిడ్డకూ థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి చేయాలా?

వంశధార గట్టు (చర్చ ప్రారంభించినవారు):

మన జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టినా ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో పుట్టినా, ప్రతి శిశువుకూ ఇంటికి పంపే ముందే మడమ నుంచి రెండు మూడు రక్తపు చుక్కలు తీసి థైరాయిడ్ పరీక్ష చేయడం తప్పనిసరి కావాలని నా అభిప్రాయం. కాదనేవారు ఉన్నారని తెలిసే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

థైరాయిడ్ హార్మోను చాలకుండా పుట్టే బిడ్డలు మనం అనుకునేంత అరుదు కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఐదు నగరాల్లో లక్ష మందికి పైగా శిశువులను పరీక్షించినప్పుడు సుమారు 1,100 మందికి ఒకరి చొప్పున ఈ లోపం బయటపడింది. మొదటి రెండు మూడేళ్లలో మెదడు ఎదగడానికి ఈ హార్మోను లేకుండా కుదరదు. పుట్టిన రెండు వారాల లోపల ఆ హార్మోను లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ తోటి పిల్లలతో సమానంగా చదువుకోగలుగుతాడు. నెలలు గడిచిన తర్వాత ఎంత మందు వాడినా, ఒళ్లు పెరుగుతుందే గాని పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదు. ఆ మాత్రకు రోజుకు అయ్యే ఖర్చు రెండు మూడు రూపాయలకు మించదు.

లక్షణాలను చూసి గుర్తుపట్టవచ్చు కదా అని కొందరు అంటారు. కడుపులో ఉన్నంత కాలం తల్లి హార్మోను కొంత మాయ ద్వారా బిడ్డకు అందుతుంది కాబట్టి, ఈ లోపమున్న బిడ్డల్లో చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. వారాల తరబడి తగ్గని పచ్చకామెర్లు, మలబద్ధకం, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, ఉబ్బిన బొడ్డు ఒక్కొక్కటిగా తర్వాత బయటపడతాయి. ఈలోగా బిడ్డ పాలకు కూడా లేవకుండా నిద్రపోతుంటే, ఏడిపించని బుద్ధిమంతుడని ఇంట్లో మెచ్చుకుంటారు. పిల్లల్లో జబ్బులను ముందే గుర్తించడానికి 2013లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ జబ్బు పేరున్నది గాని, దాన్ని ఐచ్ఛికంగా వదిలేశారు. కేరళలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టే శిశువులకు ఈ పరీక్ష జరుగుతున్నప్పుడు మన దగ్గర ఎందుకు జరగకూడదు?

నౌపడ మాస్టారు:

మీ ఆవేదనను గౌరవిస్తూనే తప్పనిసరి అనే మాటను నేను వ్యతిరేకిస్తున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మూలం వెతకడానికి వచ్చిన బృందాలు ఎన్నో. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో రక్తం ఇచ్చినవారిని అడగండి, తమ నమూనా ఏమైందో, అందులో ఏమి తేలిందో చెప్పగలిగినవారు ఎందరున్నారో మీకే తెలుస్తుంది. పెద్దల రక్తం విషయంలోనే ఫలితం ఇంటికి చేర్చడం కష్టమైన చోట, రెండు రోజుల పసిగుడ్డు మడమ గుచ్చి తీసిన చుక్కకు గతి ఏమిటి? బాలింత కన్నవారింట్లో ఉంటుంది, ఆసుపత్రి కాగితం మీద అత్తవారి ఊరు ఉంటుంది, రాసిన ఫోన్ నంబరు చెన్నైలోనో హైదరాబాదులోనో కూలి పని చేసుకుంటున్న భర్తది అవుతుంది. ఫలితం ఎవరికి చెబుతారు?

రెండో మాట. థైరాయిడ్‌కు మూలం అయోడిన్ కదా. మా నౌపడ ఉప్పు మడుల చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ అయోడిన్ కలపని కళ్లుప్పు వంటింట్లో వాడేవారున్నారు. 2006 నుంచి అలాంటి ఉప్పును తినడానికి అమ్మకూడదని నిషేధం ఉన్నా, మడి పక్కన ఉన్నవాడికి కొనవలసిన పని లేదు. ముందు ఆ ఉప్పు సంగతి చూసి, ఆ తర్వాత పరీక్షల మాట ఎత్తడం సబబు.

ప్రసూతి వార్డు సిస్టర్:

మాస్టారూ, ఉప్పు గురించి మీరు చెప్పింది గర్భిణులకు చాలా ముఖ్యమైన మాటే. అయితే ఈ బిడ్డల్లో చాలామందికి అయోడిన్ చాలక వచ్చిన జబ్బు కాదిది. కొందరిలో థైరాయిడ్ గ్రంథి అసలు ఏర్పడదు, లేదా మెడలోకి దిగవలసిన గ్రంథి నాలుక మొదట్లోనే ఆగిపోతుంది. మరికొందరిలో గ్రంథి ఉన్నా హార్మోను తయారుచేసే ఎంజైములో పుట్టుకతోనే లోపం ఉంటుంది. తల్లి అయోడిన్ ఉప్పు తిన్నా ఇవి ఆగవు. ఉప్పు, పరీక్ష రెండూ కావాలి.

పరీక్షను తేలికగా చెప్పేవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఈ పరీక్షలో చూసేది టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను. గ్రంథి సరిగా పనిచేయకపోతే అది పెరుగుతుంది. పుట్టిన వెంటనే ప్రతి బిడ్డకూ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి మొదటి రోజున మడమ రక్తం తీస్తే ఏ జబ్బూ లేని బిడ్డలను కూడా అనుమానితులుగా చూపిస్తుంది. 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మంచిది. సాధారణ కాన్పు తర్వాత 48 గంటలు ఆసుపత్రిలో ఉండాలని మేము చెబుతూనే ఉంటాం, ఇంటి దగ్గర పెద్ద పిల్లలున్నారనో, కోతలు నడుస్తున్నాయనో రెండో రోజు ఉదయమే బయలుదేరేవారు చాలామంది. అలాంటివారి కోసం కాన్పు సమయంలోనే బొడ్డుతాడు నుంచి రక్తం తీసి పరీక్షించే పద్ధతి ఉంది. బిడ్డను గుచ్చనక్కరలేదు, అయితే కాన్పు గదిలో ఆ సమయానికి ఆ పని గుర్తుపెట్టుకునే మనిషి ఉండాలి. మడమ రక్తం పద్ధతిలో ఫిల్టర్ పేపర్ మీద చుక్కలను మూడు నాలుగు గంటలు నీడలో, పరచినట్టుగా ఆరనివ్వాలి. వర్షాకాలంలో, మా వార్డు గోడలే చెమ్మగిల్లే రోజుల్లో, ఆ ఒక్క పని సరిగా జరగకపోయినా నమూనా చెడిపోతుంది.

ఫలితం ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. టీఎస్‌హెచ్ 20కీ 40కీ మధ్య ఉంటే వారం పది రోజుల వయసులో మళ్లీ పరీక్షిస్తారు. 40 దాటితే ఆలస్యం చేయకుండా సిర నుంచి రక్తం తీసి నిర్ధారించి మందు మొదలుపెడతారు. ఈ తేడాను తల్లికి కూర్చోబెట్టి చెప్పేవారు లేకపోతే, అనుమానం వచ్చిన ప్రతి ఇంట్లోనూ భయం మిగులుతుంది.

ఇద్దరు బిడ్డల తల్లి:

మా పెద్దబ్బాయికి ఈ జబ్బు ఉన్నదని ఎనిమిదో నెల దాటాక తెలిసింది. అప్పటివరకు చూపించిన చోటల్లా కామెర్లకు ఎండ చూపించమని, మలబద్ధకానికి చుక్కల మందు వేయమని చెప్పి పంపారు. ఇప్పుడు వాడు నడుస్తాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు. మూడో తరగతిలో ఉన్నా ఒకటో తరగతి పుస్తకం చదవలేడు. రెండో కాన్పులో నేను అడిగి మరీ పరీక్ష చేయించుకున్నాను. పాపకు కూడా లోపం ఉన్నట్టు తేలింది. పదకొండో రోజున మాత్ర మొదలైంది. మాత్రను పొడిచేసి ఒక చెంచా చనుబాలలో కలిపి వేసేదాన్ని. ఐరన్ చుక్కలు, కాల్షియం మందు ఆ సమయంలో కలవకుండా కొన్ని గంటలు తేడా ఉంచమని డాక్టరుగారు చెప్పారు. పాప ఇప్పుడు అన్నకు అక్షరాలు నేర్పుతున్నది.

మాస్టారుగారూ, నమూనా పోతుందేమో అన్న మీ భయం నిజమే. నా మొదటి బిడ్డ విషయంలో పోవడానికి అసలు నమూనా కూడా లేదు. అడిగితే చేస్తాం అన్నంత కాలం, అడగాలని తెలిసిన తల్లి బిడ్డకే ఈ పరీక్ష దక్కుతుంది.

పాలకొండ రోడ్డు:

పరీక్ష చేసేటట్లయితే థైరాయిడ్ ఒక్కటే ఎందుకు? మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే కనిపించే జబ్బులు అలాంటి కుటుంబాల్లో ఎక్కువ కదా. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో హార్మోను తయారీ లోపంతో పుట్టే బిడ్డలకు ఒంట్లో ఉప్పు నిలవక, రెండో మూడో వారంలో వాంతులతో ప్రాణం మీదికి వస్తుంది. అదే కాగితం మీద చుక్కతో దాన్నీ చూడవచ్చు.

ప్రసూతి వార్డు సిస్టర్:

మీరు చెప్పింది నిజం. ముఖ్యంగా మగబిడ్డల్లో పైకి ఏ తేడా కనిపించదు కాబట్టి, విరేచనాల జబ్బు అనుకునేలోపే బిడ్డ పోతాడు. అయితే ఆ పరీక్ష ఫలితం థైరాయిడ్ కంటే ఇంకా త్వరగా రావాలి. థైరాయిడ్ ఫలితం పది రోజుల్లో ఇంటికి చేర్చడం నేర్చుకున్న వ్యవస్థే దాన్ని మోయగలదు. అందుకే మొదట ఒక్కదానితో ప్రారంభించాలని నేను అంటాను.

నౌపడ మాస్టారు:

అమ్మా, మీ పెద్దబ్బాయి సంగతి చదివిన తర్వాత పరీక్ష వద్దని నేను అనలేను. తప్పనిసరి ఎవరి మీద అన్నదే ఇక నా ప్రశ్న. తల్లి మీద కాదు, ఆసుపత్రి మీద పెట్టండి. రక్తం తీశామని రిజిస్టరులో రాసుకోవడంతో లెక్క ముగిసిపోకూడదు. ఎన్ని నమూనాలు తీశారు, పదిహేను రోజుల లోపల ఎందరి ఫలితం తల్లి చేతికి అందింది, మందు అవసరమైనవారిలో ఎందరికి మొదలైంది అనే మూడు అంకెలనూ ప్రతి నెలా ఆసుపత్రి గోడ మీద అంటించాలి. అలా చేయలేని చోట తప్పనిసరి అనే జీవో వస్తే, గుచ్చడం మాత్రమే జరుగుతుంది.

వంశధార గట్టు:

ఆ షరతుకు నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను, నా మొదటి ప్రతిపాదనలో అది లేదు కాబట్టి చేరుస్తున్నాను. బాలింత ఎక్కడున్నదో కనుక్కోవడానికి కొత్త ఉద్యోగులు అక్కరలేదు. ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో బిడ్డను ఇంటికి వెళ్లి చూడాలన్న నియమం ఇప్పటికే ఉన్నది. ఏడో రోజు వెళ్లినప్పుడు ఆమె చేతిలో ఫలితం ఉంటే రెండు వారాల గడువు దాటదు. కన్నవారి ఊరి ఆశా పేరు, నంబరు కాన్పుకు చేరినప్పుడే కేసు షీటు మీద రాయించాలి, భర్త నంబరు మీద ఆధారపడకూడదు. ఏజెన్సీ ఊళ్లలో ఇంటి దగ్గర జరిగే కాన్పుల సంగతి మాత్రం దీనితో తీరదు. ఆ బిడ్డల నమూనా ఎవరు, ఎన్నో రోజున తీయాలో 2022లో మన జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట వైపు పనిచేసే ఏఎన్ఎంలు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.